గుంటూరు డాక్టరమ్మ: సిస్టర్ మేరీ గ్లౌరీ



క్రిందటి నెలలో ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత, చోడవరం దగ్గరి ఒక గ్రామం నుంచి భార్యాభర్తలిద్దరు తమ పెద్దమ్మాయిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఆ అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసింది. విశాఖపట్నంలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. కాని ఆమె ఇప్పుడే ఉద్యోగంలో చేరనంటోంది. ఎం.ఎస్సీ. నర్సింగ్ చదువుతానని, ఆ తరువాత మన్యం గ్రామాల్లో జరిగే కాన్పుల మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. తల్లిదండ్రులకు ఉన్నది రెండెకరాల చెరకు. చిన్నపిల్ల పెళ్ళికి ఎదిగి ఉంది. రోగికి సూది వేయడానికి, మందు ఇవ్వడానికి ఉన్న చదువు చాలదా, సేవ చేయాలన్న మనసుంటే పెద్ద పట్టాలెందుకు, మీరైనా చెప్పండి ఫాదర్ అని ఆ తల్లి నన్ను అడిగింది.

ఆ రోజు నేను సమాధానం చెప్పలేకపోయాను. చెరకు డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో, ఎంత వస్తుందో ఎరిగినవాణ్ణి కనుక తేలికగా మాట అనలేకపోయాను. ఇంటికి వచ్చి ఆలోచించిన కొద్దీ ఒక కన్యస్త్రీ జీవితం నా కళ్ళముందు మెదిలింది. ఆమె మన తెలుగు నేల మీదనే ముప్పై ఏళ్ళు వైద్యం చేసింది. ఆమె కథను మీకందరికీ చెబితే ఆ తల్లికి కూడా జవాబు చెప్పినట్లవుతుందని ఈ వారం కలం పట్టాను.

ఆమె పేరు మేరీ గ్లౌరీ. 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగర్రా అనే ఊరిలో పుట్టింది. ఎడ్వర్డ్, మార్గరెట్ దంపతులకు కలిగిన తొమ్మిదిమంది పిల్లల్లో ఆమె మూడవది. వారిది ఐరిష్ మూలాలున్న కతోలిక కుటుంబం. తరువాత వారు గోధుమ పంట పండే మెట్ట ప్రాంతంలో వాచెమ్ అనే చిన్న ఊరికి మారారు. ఆ ఇంట్లో సాయంకాలం జపమాల తప్పేది కాదు. ఆ జపమాలలో మంచి గురువుల కోసం, మంచి వైద్యుల కోసం కూడా వారు ప్రార్థించేవారట. మనం గురువుల కోసం, మఠకన్యల కోసం ప్రార్థిస్తాం. మంచి డాక్టర్లను, మంచి నర్సులను ఇమ్మని మన ఇళ్ళలో ఎందరు ప్రార్థిస్తున్నారో మీరే ఆలోచించండి.

మేరీ పుట్టిన 1887లోనే మెల్బోర్న్ విశ్వవిద్యాలయం మొట్టమొదటిసారిగా స్త్రీలను వైద్య విద్యలో చేర్చుకుంది. అంతకుముందు ఆ నగరంలో ఒక స్త్రీ డాక్టరు కావాలంటే వేరే చోటికి పోవలసిందే. అంటే దేవుడు ఈ బిడ్డను పుట్టించిన ఏడే ఆమె నడవబోయే త్రోవ తలుపు కూడా తెరుచుకుంది. మేరీ చదువులో చురుకైనది. స్కాలర్‌షిప్పు మీద మెల్బోర్న్‌లో చదువుకుంది. విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్యం చదవబోయి, తరువాత వైద్యానికి మారి, 1910లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. కొంతకాలం న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ ఆస్పత్రిలో పనిచేసి, మెల్బోర్న్ తిరిగి వచ్చి కంటి ఆస్పత్రిలోను, స్త్రీల ఆస్పత్రిలోను సేవ చేసింది. పెద్ద పెద్ద డాక్టర్లుండే కాలిన్స్ వీధిలో సొంత వైద్యశాల పెట్టుకుంది. పేరు వచ్చింది, రాబడి వచ్చింది. ఒక ఆడపిల్ల అంత ఎత్తుకు ఎదగడం ఆ రోజుల్లో ఎంత గొప్పో వేరుగా చెప్పనక్కరలేదు.

1915 అక్టోబరు 24న, ఒక ఆదివారం నాడు, ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండు దేశపు వైద్యురాలి జీవిత చరిత్ర. ఆగ్నెస్ 1837లో పుట్టింది. తన దేశంలో స్త్రీలకు వైద్య పట్టా ఇవ్వని రోజుల్లో ఫ్రాన్సుకు పోయి, 1878లో మోంపెల్యే విశ్వవిద్యాలయంలో డాక్టరయింది. అరవై దాటిన తరువాత కతోలిక తిరుసభలో చేరింది. భారతదేశంలో పరదా చాటున ఉండే స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకోలేక, ఆడ డాక్టరు దొరకక ప్రాణాలు విడుస్తున్నారని తెలిసి, డెబ్బై ఏళ్ళు పైబడిన వయసులో రావల్పిండికి వచ్చి అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి పెట్టించింది. ఆ పుస్తకంలో మన దేశంలో పసిబిడ్డలు ఏ తీరుగా చనిపోతున్నారో చదివిన మేరీ మోకరించి ప్రార్థించింది. తన స్థలం కాలిన్స్ వీధి కాదని, ఇండియా అని ఆ రోజే ఆమెకు తెలిసిపోయింది.

పాఠకులారా, ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగాలి. పిలుపు వచ్చింది 1915లో. ఆమె గుంటూరు చేరింది 1920లో. మధ్యలో నాలుగేళ్ళకు పైగా ఏం చేసింది? సందేహించి వెనకాడిందా? లేదు. యుద్ధకాలం కనుక ప్రయాణాలు కష్టమైన మాట నిజమే. అయినా ఆ కాలాన్ని ఆమె ఊరకే గడపలేదు. 1916లో కతోలిక స్త్రీల సాంఘిక సేవా సంఘానికి తొలి అధ్యక్షురాలై, స్త్రీలను చదువుకూ సేవకూ పురికొల్పింది. దానితోపాటు పై చదువుకు కూర్చుంది. కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం, ఈ విషయాల్లో లోతుగా చదివి 1919 డిసెంబరులో ఎం.డి. పట్టా అందుకుంది. ఆ విషయాలను ఎందుకు ఎంచుకుందో మీకు అర్థమై ఉంటుంది. తాను వెళ్ళబోయే చోట తల్లులు కాన్పులో పోతున్నారు, కళ్ళజబ్బులతో జనం గుడ్డివారవుతున్నారు. ఆ పట్టాను గోడకు తగిలించుకోవడానికి కాదు ఆమె చదివింది. పట్టా చేతికి వచ్చిన కొద్ది వారాలకే, 1920 జనవరి 21న, ఓడ ఎక్కింది. మళ్ళీ ఆస్ట్రేలియా గడప తొక్కలేదు.

నేను గురు విద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసువారి బోధ ఒకటి నేర్చుకున్నాం. దేవుని కృప మనిషి స్వభావాన్ని తోసివేయదు, దానిని సంపూర్ణం చేస్తుంది అని దాని భావం. అప్పట్లో అది పరీక్షకు బట్టీ పట్టిన మాట మాత్రమే. దాని అర్థం నాకు నిజంగా బోధపడింది మా మేనత్తను తలచుకున్నప్పుడు. నా చిన్నతనంలో ఆమె మా ఊళ్ళోనే, మా ఇంటి వసారాలోనే పురుటిలో పోయింది. ఆ రాత్రి ఇంట్లో కొవ్వొత్తులు వెలిగించారు. మా నాయనమ్మ జపమాల చేతినుంచి దించలేదు. వచ్చిన మంత్రసాని చెడ్డది కాదు, ఉపవాసాలుండే భక్తురాలు, డబ్బు కూడా ఆశించేది కాదు. ప్రేమకు లోటు లేదు, ప్రార్థనకు లోటు లేదు. లేనిది ఒక్కటే. కారుతున్న రక్తాన్ని ఎలా ఆపాలో తెలిసిన మనిషి ఆ గదిలో లేదు. అది దేవుని చిత్తమని ఆ తెల్లవారి అందరూ అన్నారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనడానికి నా నోరు రాదు. మనం నేర్చుకోవలసింది నేర్చుకోకుండా, ఆ లోటును దేవుని చిత్తం మీదకు నెట్టడం న్యాయం కాదు.

మేరీ గ్లౌరీ 1920 ఫిబ్రవరిలో మద్రాసులో ఓడ దిగి గుంటూరు చేరింది. అప్పటికి గుంటూరు మేత్రాసనం ఏర్పడలేదు. హాలండు దేశం నుంచి 1904లో వచ్చిన యేసు మరియ యోసేపు సభ కన్యస్త్రీలు, అంటే మన జె.ఎం.జె. సిస్టర్లు, అక్కడ బడులు నడుపుతూ, రోగులకు చేతనైన మందులిస్తూ ఉన్నారు. మేరీ ఆ మఠంలో చేరి, యేసు తిరుహృదయ మేరీ అనే సభ పేరు స్వీకరించింది.

అయితే ఒక చిక్కు ఉంది. 1917లో వెలువడిన తిరుసభ చట్టం ప్రకారం గురువులు గాని, మఠవాసులు గాని రోము నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా వైద్యం చేయరాదు. ముఖ్యంగా కన్యస్త్రీలు కాన్పులు చేయడం ఆ రోజుల్లో తగని పనిగా ఎంచేవారు. ఆగ్నెస్ మెక్‌లారెన్ ఈ కట్టు సడలించమని రోముకు విన్నవించుకుని, ఫలితం చూడకుండానే 1913లో కన్నుమూసింది. మేరీకి మాత్రం 15వ బెనెడిక్ట్ పోపుగారి నుంచి ప్రత్యేక అనుమతి లభించింది. ఆ విధంగా మఠ వ్రతాలూ డాక్టరు వృత్తీ ఒక్క మనిషిలో కలిశాయి. మిగిలిన కన్యస్త్రీలందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో, తిరుసభ కొత్త ఉత్తరువు ఇచ్చిన తరువాతే. పదహారేళ్ళు ముందుగా మన గుంటూరులో ఆ పని జరుగుతూ ఉండింది. తిరుసభ తన మనసు మార్చుకోవడానికి ఇలాంటివారి పనితనం కూడా తోడ్పడిందని నేను నమ్ముతాను.

గుంటూరులో ఆమె పని ఒక చిన్న మందుల గదితో మొదలైంది. ఆ గది పెరిగి పెరిగి సెయింట్ జోసఫ్ ఆస్పత్రి అయింది. పరిసర గ్రామాల నుంచి రోగులు వచ్చేవారు. రాలేనివారి దగ్గరకు ఆమే వెళ్ళేది. కులం అడగలేదు, మతం అడగలేదు. ఎండలకు అలవాటు లేని మనిషి, మన కృష్ణా గుంటూరు ఎండల్లో చాలాకాలం ఒంటరి డాక్టరుగా ఆ భారమంతా మోసింది. ఆమె చేయి పట్టిన రోగుల సంఖ్య లక్షల్లో ఉంటుందని చెబుతారు.

ఆమె అంతటితో తృప్తి పడలేదు. పెద్ద డిగ్రీ ఉన్నది గదా అని మన నాటు వైద్యాన్ని చులకన చేయలేదు. ఇక్కడి మూలికలను, మందులను పరిశీలించి, ఉపయోగపడేవాటిని తన వైద్యంలో కలుపుకుంది. ఖరీదైన సీమ మందులు పేదలకు అందవని ఆమెకు తెలుసు. చదువు మనిషికి గర్వం నేర్పకపోతే, ఇంకా నేర్చుకోవడం ఎలాగో నేర్పుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, ఇక్కడి ఆడపిల్లలకు ఆమె పని నేర్పింది. మంత్రసానులుగా, నర్సులుగా, మందులు కలిపేవారుగా వారిని తయారుచేసింది. తానొక్కతే ఎన్ని కాన్పులు చేయగలదు? తన తరువాత ఎవరు చేస్తారు? ఈ ప్రశ్న ఆమెను వదలలేదు.

ఈ ప్రశ్న మన దేశానిది మాత్రమే కాదు. 1860 మొదలు మన విశాఖపట్నం ప్రాంతపు తెలుగువారు కూడా చెరకు తోటల కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఓడల్లో వెళ్ళారని మీరు వినే ఉంటారు. ఆ దేశంలోనూ ఇదే సంగతి. వజ్రాల గనులున్న కింబర్లీ పట్టణంలో హెన్రియెట్టా స్టాక్‌డేల్ అనే ఆంగ్లికన్ సన్యాసిని నర్సులకు పద్ధతి ప్రకారం శిక్షణ ఇచ్చింది. ఆమె పట్టుదల వల్ల అప్పటి కేప్ కాలనీ ప్రభుత్వం 1891లో నర్సులను చట్టప్రకారం రిజిస్టరు చేయడం మొదలుపెట్టింది. ప్రపంచంలో ఆ పని మొదట చేసింది అక్కడే. అదే కాలనీలో లవ్‌డేల్ మిషన్ ఆస్పత్రిలో చదువుకున్న సెసీలియా మకివానే అనే నల్లజాతి యువతి పరీక్ష నెగ్గి, 1908లో రిజిస్టరయిన తొలి నల్లజాతి నర్సుగా నిలిచింది. ఆమెకు ముందు నల్లవారికి తమలో ఒక రిజిస్టరయిన నర్సు లేదు. ఆమె తరువాత ఆ ఇంటి బిడ్డలే ఆ ఇంటి రోగులను చూసుకోవడం మొదలైంది. బయటివారి దయ ఓడలో వస్తుంది, ఓడలోనే వెళ్ళిపోతుంది. మన బిడ్డ నేర్చుకున్న విద్య మాత్రం మన ఊళ్ళో నిలుస్తుంది. గుంటూరులో సిస్టర్ మేరీ తెలుగు పిల్లలకు విద్య నేర్పడంలోని అర్థం ఇదే.

1943 జూలై 29న ఆమె మరొక పునాది వేసింది. దేశంలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న కతోలిక ఆస్పత్రులు, మందుల గదులు ఒకదానికొకటి తెలియకుండా పనిచేస్తున్నాయి. వాటిని ఒక్క త్రాటిమీదకు తెచ్చేందుకు పదహారుమంది కన్యస్త్రీలు కలిసి కతోలిక ఆస్పత్రుల సంఘాన్ని స్థాపించారు. సిస్టర్ మేరీ దానికి తొలి అధ్యక్షురాలు. పదహారుమందితో మొదలైన ఆ సంఘంలో ఈనాడు మూడువేల ఐదువందలకు పైగా సంస్థలున్నాయి. దాని ముఖ్య కార్యాలయం మన సికింద్రాబాదులోనే ఉంది. మన దేశంలో ఒక కతోలిక వైద్య కళాశాల ఉండాలని కూడా ఆమె కలగన్నది. ఆ కల 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల రూపంలో నిజమైంది. చూడటానికి ఆమె లేదు. క్యాన్సరుతో బాధపడి, 1957 మే 5న బెంగుళూరులోనే ఆమె ప్రభువు సన్నిధికి చేరింది. 2013 మార్చిలో గుంటూరులో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు. పునీతుల వరుసకు పోయే దారిలో అది మొదటి మెట్టని మీకు తెలుసు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్న దగ్గరకు వస్తాను. సేవ చేయాలన్న మనసుంటే చాలదా అని ఆమె అడిగింది. అమ్మా, మనసు లేకపోతే ఎంత చదువున్నా వ్యర్థమే, ఆ మాట ఒప్పుకుంటాను. కాని మనసు ఒక్కటే చాలేమాటైతే మా మేనత్త బ్రతికి ఉండేది. సువార్తలో యజమాని ఇచ్చిన తలాంతును భూమిలో పాతిపెట్టిన సేవకుడు దొంగతనమేమీ చేయలేదు. భద్రంగానే దాచాడు. అయినా నింద పడ్డాడు. మీ అమ్మాయి తెలివి కూడా అలాంటి తలాంతే.

మన చోడవరం నుంచి పాడేరు వైపు ఘాటు రోడ్డు ఎక్కితే ఆ కొండల్లో ఇంకా కొన్ని గూడేలకు దారి లేదు. నొప్పులు పడుతున్న గర్భిణిని డోలీలో కట్టి మైళ్ళకొద్దీ మోసుకువచ్చిన సంగతులు ఈ మధ్య ఏళ్ళలో కూడా పత్రికల్లో మీరు చదివారు. ఆ తల్లులు ఎక్కడ ఆగిపోతున్నారు, ఎందుకు ఆలస్యంగా బయలుదేరుతున్నారు, ఏ గూడెంలో ఏ మంత్రసానికి ఏమి నేర్పితే ఒక ప్రాణం నిలుస్తుంది, ఇవన్నీ ఎవరో ఒకరు కొండలెక్కి, అడిగి, రాసుకుని, లెక్కకట్టి తేల్చాలి. పరిశోధన అనే పెద్ద మాటకు అర్థం ఇంతే. మందు ఇవ్వడం ఒక రోగికి మేలు. ఈ పని చక్కగా చేస్తే ఆ నర్సు పేరు కూడా తెలియని తల్లులకు మేలు.

డబ్బు సంగతి నేను మరిచిపోలేదు. రెండెకరాల చెరకు మీద రెండేళ్ళ చదువు మోయడం మాటలు కాదు. దానికి ప్రభుత్వ స్కాలర్‌షిప్పులున్నాయి, ఒక ఏడు ఉద్యోగం చేసి కూడబెట్టుకుని తరువాత చేరే దారి ఉంది. సిస్టర్ మేరీ కూడా పిలుపుకూ ప్రయాణానికీ మధ్య నాలుగేళ్ళు ఆగింది గదా. ఆగడం వేరు, మానుకోవడం వేరు. మన విచారణలో గుడి పండుగకు దీపాలకూ బ్యాండు మేళానికీ ఎంత ఖర్చు చేస్తామో మీకు తెలుసు, నాకూ తెలుసు. అందులో కొంత ఇలాంటి పిల్ల చదువుకు కేటాయించడం గురించి వచ్చే సంఘ సమావేశంలో నేనే ప్రస్తావిస్తాను. మీరందరూ వచ్చి మీ మనసులోని మాట చెప్పండి.

ఒక చిన్న కోరికతో ముగిస్తాను. ఈ రాత్రి మీ ఇంట్లో జపమాల ముగిసిన తరువాత, వాచెమ్ గ్రామంలోని ఆ కుటుంబం చేసినట్లు, మంచి డాక్టర్ల కోసం, మంచి నర్సుల కోసం ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పండి. చెప్పిన తరువాత, పక్కన కూర్చుని కళ్ళు నులుముకుంటున్న మీ ఆడపిల్ల వైపు ఒకసారి చూడండి. ఆ ప్రార్థనకు జవాబు ఆమేనేమో.